బాపును అడగని నాలుగు మాటలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బయటికి పోయే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. ఈ పట్టింపు చాలా ఇళ్ళల్లో ఉన్నదే కానీ, మా అమ్మ దాన్ని పట్టుకున్నంత గట్టిగా ఎల్లారెడ్డిలో ఇంకెవరూ పట్టుకోలేదనుకుంటాను. బాపు పొద్దున్నే తాపీ సంచి భుజాన వేసుకుంటే, ఏ ఊళ్ళో గోడ కడుతున్నాడో, ఎప్పుడొస్తాడో అడగడానికి ఎవరూ నోరు తెరవకూడదు. అడిగితే పోయిన పని కాదు. పొరపాటున ఎవరైనా అడిగితే ఆయన చెప్పులు విడిచి, మళ్ళీ లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ బయలుదేరాలి. నేను మాటలు నేర్చిన వయసులోనే ఈ ఒక్క మాట అనకుండా ఉండడం కూడా నేర్చుకున్నాను.

మా బాపు సుతారి, గోడలు కట్టేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వరసగా రెండేళ్ళు వానలు లేవు. పంట రాని ఏడు ఎవరూ ఇల్లు మొదలుపెట్టరు, మొదలుపెట్టిన ఇల్లు పైకి లేపరు. బాపు తాపీ సంచి చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండేది. అప్పుడే కామారెడ్డి ఏజెంటు ఒకతను బాపుకు దుబాయి వీసా వచ్చిందని కబురు పంపాడు. మా వైపు అప్పుడూ ఇప్పుడూ సముద్రం అవతలి అరబ్బు దేశాలన్నిటికీ అదొక్కటే పేరు. సౌదీకి పోయినవాడూ దుబాయి పోయినవాడే, మస్కట్‌కు పోయినవాడూ దుబాయి పోయినవాడే.

వీసా కబురు వచ్చిననాడే బాపు బయలుదేరినట్టు లెక్క అనుకుంది అమ్మ. కాబట్టి ఆ రోజు నుంచి ఇంట్లో ఒక్క ప్రశ్న కూడా వినిపించకూడదు. ఏ దేశమో, ఎవరి దగ్గర పనో, ఏం పనో మాలో ఎవరూ అడగలేదు. బాపు కూడా ఏజెంటును అడగలేదు. చేతికందుతున్న పనికి అడ్డుమాట అంటే ఎక్కడ జారిపోతుందోనన్న భయం ఆయనకూ ఉండేది.

పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. ఆమెను వీధంతా నానీ అనేవాళ్ళం. ఆమె పెద్దకొడుకు అప్పటికే కొన్నేళ్ళుగా బహ్రెయిన్‌లో దర్జీ పని చేస్తున్నాడు. వాళ్ళ లోపలి తలుపు వెనక సుద్దముక్కతో ఉర్దూలో నాలుగు వరసలు రాసి ఉండేవి. నేను అది దేవుడి మాట అనుకుని కళ్ళకద్దుకునేదాన్ని. ఒకనాడు నానీ చూసి పడీపడీ నవ్వింది. "అరె పాగల్, అది మా పోరగాని పత్తా, వాడుండే అడ్రసు. ఉత్తరం రాకపోతే తిట్టనీకైనా పత్తా ఉండాలె కదనే" అంది.

ఆ నానీ ఒకరోజు మా గడపలో నిలబడి బాపును అడిగేసింది. "ఏ ముల్క్, ఏ దేశం బాబూ నువ్వు పోయేది? ఎవరి చేతికింద పని?" అమ్మ చేతిలో ఉన్న బీడీల చాట నేలకేసి కొట్టినట్టు పెట్టింది. "నీ కొడుకు పోయిండు, సంపాయిస్తుండు. నా మొగడు పోతుంటే నీకు నోరు ఊకుంటలేదా నానీ?" అంది. నానీ వెళ్ళిపోయింది. ఆ తరువాత చాలా రోజులు రెండిళ్ళ మధ్య కూరగిన్నె తిరగలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నానీ గోడ మీదుగా నన్ను పిలిచింది. పొగలు కక్కుతున్న ఖీరు గిన్నె గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టి, "ఆమెకిచ్చి రా బేటీ. చల్లారితే తినదు, జల్ది పో" అంది. నేను గిన్నె పట్టుకుని గర్వంగా బయలుదేరాను. ఎవరికని అడగలేదు. మా ఇంటి పిల్లను కదా.

వీధి చివరకు వచ్చాక గానీ ఆమె ఎవరో నాకు తెలియదన్న సంగతి తట్టలేదు. వెనక్కి వెళ్ళి అడగవచ్చు. కానీ బయలుదేరినవాళ్ళు వెనక్కి తిరగడం ఇంకా పెద్ద తప్పు. అందుకని కనబడిన ప్రతి ఇంటి ముందూ ఆగి, ఇది మీకేనా అని అడుగుతూ పోయాను. గాజులమ్మే ఆమె, "నాకు ఖీరు ఎవరు పంపుతరే? మా ఇంటాయననే చాయ్ పెట్టియ్యడు" అంది. అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు నన్ను కూర్చోబెట్టి ఆటపట్టించారు. "ఏందే, మీ బాపు ఇంక బస్సెక్కనే లేదు, అప్పుడే దావత్ ఇస్తున్నవా?" అని ఒకామె. "ఎవరికైతేంది, గిట్ల తే, నాకే అనుకో" అని ఇంకొకామె. నేను గిన్నె గుండెలకు హత్తుకుని పరుగెత్తాను. బస్టాండు దాకా పోయాను. గుడ్డలోంచి కాలిన అరచేతులు చల్లబడ్డాయి, ఖీరు మీద మీగడ కట్టింది. పొద్దు వాలుతుంటే ఏడుస్తూ తిరిగి వచ్చాను.

నానీ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఎవరికో నువ్వు చెప్పలేదని నేను దెబ్బలాడాను. నువ్వు అడగలేదని ఆమె అంది. పోయేటప్పుడు అడగకూడదు కదా అన్నాను. ఆమె నవ్వలేదు. కొంగుతో నా ముఖం తుడిచి, చెంచా చేతికిచ్చింది. "ఇది నీకోసమే చేసిన. అడిగి ఉంటే ఈ గుమ్మంలనే వేడివేడిగ తింటుంటివి" అంది. ఆ చల్లారిన ఖీరు తింటూ నేను వెక్కిళ్ళు పెడుతూనే ఉన్నాను.

తిన్నాక నా కుడిచెయ్యి తన ఒడిలో పెట్టుకుని ఒక్కొక్క వేలే మడిచింది. బొటనవేలికి, ఏ దేశం. చూపుడువేలికి, ఏ ఊరు. మధ్యవేలికి, ఎవరి చేతికింద. ఉంగరంవేలికి, ఏం పని. చిటికెన వేలికి, ఏమన్నా అయితే ఇక్కడ మనం ఎవరిని అడగాలి. బాపు ఒక్కొక్కదానికి జవాబు చెబుతుంటే ఒక్కొక్క వేలు విప్పాలి. అయిదూ విప్పాక వచ్చి తనకు చెబితే, తాను మా తలుపు వెనక రాసిపెడుతుంది. "నేనడిగితే మీ అమ్మ కొట్లాడుతది. నువ్వు బిడ్డవు, నిన్నేమంటరు?" అంది. నాకు నోటికి వచ్చేదాకా వల్లెవేయించింది.

నేను వెంటనే అడగలేదు. అమ్మ లేని సమయం చూసి అడుగుదామనుకున్నాను. అమ్మ లేని సమయమే రాలేదు. బాపు చుట్టాలను చూసి రావడానికి నాగిరెడ్డిపేట పోయాడు, కాగితాల కోసం కామారెడ్డి పోయాడు. చూస్తుండగానే ఆ రోజు వచ్చేసింది.

బాపు కొత్త టెర్లిన్ చొక్కా వేసుకున్నాడు. కామారెడ్డిలో రైలెక్కి బొంబాయి, అక్కడి నుంచి విమానం. వీధిలోవాళ్ళంతా గుమ్మం ముందు చేరారు. ఆయన చెప్పుల్లో కాలు పెట్టాడు. ఇక అడగకపోతే ఎప్పటికీ అడగలేనని తెలిసి, అందరి ముందూ గట్టిగా అడిగేశాను. "బాపూ, ఏ దేశం పోతున్నవు?"

అమ్మ చెయ్యి నా చెంప మీద పడింది. "నీ నోట్ల మన్నువడ!" అని ఎవరో అన్నారు. బాపు పద్ధతి ప్రకారం చెప్పులు విడిచాడు, లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అమ్మ చెంబు అందించింది. ఆయన నీళ్ళు తాగుతూ నన్ను దగ్గరికి పిలిచి, కందిన చెంప నిమిరాడు.

"దుబాయి బిడ్డా" అన్నాడు మెల్లగా. నేనడిగినదానికి జవాబే అది. తరువాత, "నీకేం తేవాలె?" అన్నాడు.

ఆ మంచం మీద ఆయన కూర్చున్నది ఎంతసేపో నాకు తెలుసు. చెంబెడు నీళ్ళు తాగేంతసేపు. ఇంకో నాలుగు ప్రశ్నలు అడగడానికి అది చాలు. నాలుగు వేళ్ళు ఇంకా మడిచే ఉన్నాయి. గోడ అవతల నుంచి నానీ తల కనబడుతోంది, నన్నే చూస్తోంది. బాపు ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. నేను అమ్మ కళ్ళలోకి చూశాను.

"గొడుగు. మడిచేది" అన్నాను.

తెస్తానని నవ్వాడు. చెంబు కింద పెట్టి లేచాడు.

నాలుగో నెలలో ఒక ఉత్తరం వచ్చింది. టపాలో కాదు. ఊరికి వస్తున్న ఎవరో బొంబాయిలో ఇంకెవరికో ఇస్తే, చేతులు మారి మారి మాకు చేరింది. బాగున్నానని, ఎండ ఎక్కువని, మళ్ళీ రాస్తానని ఉంది. ఎక్కడి నుంచి రాశాడో లేదు. తెచ్చినవాడికీ తెలియదు. మళ్ళీ ఏ ఉత్తరమూ రాలేదు.

ఏడాది గడిచాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని కామారెడ్డి పోయింది. ఏజెంటు గదికి తాళం ఉంది, లోపల ఎవరూ ఉండి చాలా కాలమైనట్టుంది. అక్కడి నుంచి ఒక సర్కారు ఆఫీసుకు పోయాం. బల్ల వెనక ఉన్నాయన మంచివాడే, కుర్చీ చూపించాడు. ఏ దేశమని అడిగాడు. దుబాయి అంది అమ్మ.

"దుబాయి అంటే దుబాయేనా అమ్మా? సౌదీయా, మస్కటా, కువైటా?"

"దుబాయే సారూ. అందరు పోయేదే."

ఏ ఊరని అడిగాడు. ఎవరి దగ్గరని అడిగాడు. ఏం పని మీద అని అడిగాడు. పాస్‌పోర్టు నకలు ఉందా అన్నాడు. అమ్మ ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది. ఆయన కలం మూత పెట్టేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ప్రశ్నలన్నీ నాకు ముందే తెలుసు.

నానీ కూడా తన కొడుకుకు రాసింది. అతను జవాబు రాశాడు. ఏ దేశమో ఒక్క మాట తెలిస్తే మనుషులను పెట్టి వెతికిస్తాను, ఏమీ తెలియకుండా ఎక్కడని వెతకను, అని.

వీధిలో మాత్రం కారణం ఖాయమైపోయింది. పోతున్న మనిషిని నేను అడిగాను కనుక ఆయన రాలేదు. నేను ఎదురొస్తే ప్రయాణాలు ఆపుకునేవాళ్ళు. అమ్మ ఒక్కనాడూ ఆ మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, అడిగినందుకు కాదు అడగనందుకు అని ఆమెతో పోట్లాడి ఉండేదాన్ని.

అమ్మ గాజులు తీయలేదు. కానీ పెళ్ళిళ్ళలో కుంకుమ పళ్ళెం తిప్పే ఆడవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగేవాళ్ళు, పెట్టాలో వద్దో తెలియక. వాళ్ళకు ఆ ఇబ్బంది కలగకూడదని పళ్ళెం రెండు మూడు అడుగుల దూరంలో ఉండగానే ఆమె ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది. కొన్నాళ్ళకు పెళ్ళిళ్ళకే పోవడం మానేసింది. కొన్నేళ్ళ కిందట చనిపోయింది. స్నానం చేయించే ముందు పెద్దవాళ్ళు నన్ను పక్కకు పిలిచి, పసుపు కుంకుమలతో పంపాలా, లేకుండా పంపాలా అని అడిగారు. నాకు తెలియదన్నాను. "ఏదో ఒకటి చెప్పు బిడ్డా, పొద్దు పోతది" అన్నారు. పెట్టండి అన్నాను. ఎవరో మూతి తిప్పుకున్నారు. పెట్టింది నిజమో అబద్ధమో ఈనాటికీ నాకు తెలియదు.

అమ్మ పోయాకే నేను అక్షరాలు దిద్దాను, యాభై దాటిన వయసులో. మా వీధి నుంచి ఇప్పటికీ పోతూనే ఉన్నారు. పోయేవాళ్ళ ఇంటికి ఒక కాగితం, పెన్ను పట్టుకుని పోతాను. ఏ దేశం, ఏ ఊరు, ఎవరి కంపెనీ, దాని ఫోను నంబరు రాయించుకోమంటాను. వీసా మీద రాసిన పని, ఏజెంటు చెప్పిన పని ఒకటేనా అని తెలిసినవాళ్ళతో చదివించుకోమంటాను. విజిట్ వీసా మీద పనికి తీసుకుపోతానంటే పోవద్దంటాను. ఏజెంటుకు సర్కారు లైసెన్సు ఉందో లేదో విచారించమంటాను. పాస్‌పోర్టుకు, వీసాకు, ఒప్పందం కాగితానికి నకళ్ళు తీసి ఇంట్లో ఆడవాళ్ళ చేతికివ్వమంటాను. అక్కడి మన ఎంబసీ నంబరు పెద్ద పెద్ద అక్షరాలతో రాయమంటాను. ఫోన్లు ఉన్నాయి కదా పెద్దమ్మా అని నవ్వుతారు. ఫోను మోగడం ఆగిపోయిన రోజున ఎక్కడికని పోతారని అడుగుతాను. ఆ మాటతో వాళ్ళ ముఖాలు మారిపోతాయి. కొందరు రాస్తారు. కొందరు నన్ను చూడగానే తలుపు దగ్గరగా వేసుకుంటారు.

పోయిన నెల ఒక ఇంటి తలుపు అలాగే మూసుకుంది. నేను బయట నిలబడే అడిగాను. లోపల నుంచి ఆ అబ్బాయి ఏదో చెప్పబోయాడు. "ఊకో, పోయేటప్పుడు" అని వాళ్ళ అమ్మ గొంతు వినిపించింది. మర్నాడు అతను వెళ్ళిపోయాడు. ఏ దేశమో నాకు తెలియదు, వాళ్ళ అమ్మకు కూడా తెలియదనుకుంటాను.

ఇప్పుడు ఎవరినైనా అడగగలను. తిట్టినా అడుగుతాను, తలుపు వేసినా అడుగుతాను. జానెడు దూరంలో కూర్చుని, నీకేం కావాలని తానే నన్ను అడిగిన మనిషి దగ్గర మాత్రం గొడుగు అడిగి ఊరుకున్నాను.