వెనక్కి నడిచే తమ్ముడు

పాతపట్నం చూడవచ్చినవాళ్ళని నడిపించి, నాలుగు వీధులు కలిసే చౌకులూ గుళ్ళూ చూపించడం అతని పని. వాళ్ళ ముఖాలు చూస్తూ మాట్లాడాలి గనక ఎప్పుడూ వెనక్కి నడుస్తాడు. ఆ వీధుల్లో అందరూ 'వెనకడుగు' అనే పిలుస్తారు. పిలిచి పిలిచి అసలు పేరు మరిచిపోయారు కూడా.

ఆ రోజు అతని వెంట నడిచేవాళ్ళలో సొంత అక్క కూడా ఉంది.

బావకి పింగాణీ సామాన్ల కొట్టుంది. "ఊరంతా తిరగడం కూడా ఒక పనేనా? వచ్చి కొట్లో కూచోమను" అని ఏడాదిగా పోరు పెడుతున్నాడు. ఆ ఇంట్లో అక్క మాటే ఆఖరి మాట. "ఒక్కసారి వచ్చి చూస్తాను. పనే అనిపిస్తే మీ బావ నోరు నేను మూయిస్తా. లేదంటే నువ్వే నోరు మూసుకుని కొట్టుకి పో" అంది.

అందుకే అతను ఆశంతా సన్నసందు మీద పెట్టుకున్నాడు. ఇద్దరు పక్కపక్కన పట్టని ఆ సందు మలుపు తిరగ్గానే పెద్ద చౌకు, నడుమ పెద్దగుడి ఒక్కసారిగా ఎదురొస్తాయి. చూసినవాళ్ళ నోళ్ళు తెరుచుకుంటాయి. గుడికి వీపు పెట్టి నిలబడే అతను ఆ శిఖరాన్ని ఎప్పుడూ జనం కళ్ళలోనే చూసుకుంటాడు. ఇవాళ అక్క కళ్ళలో చూసుకోవాలి.

మొదటి చౌకులోనే చిరాకు మొదలైంది. స్తంభాల మీది శిల్పాల గురించి అతను గొంతు చించుకుంటుంటే అక్క చూపు నేల మీదుంది.

"అక్కా, పైకి చూడు."

"చూస్తాలే. నీ వెనకాల మెట్టుందిరా!"

"తెలుసు."

"ఎలా తెలుసు? వీపున కళ్ళున్నాయా?"

జనం నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నగుడి దగ్గర కథ మంచి పట్టులో ఉండగా, "ఒరేయ్, కాలవ!" అని ఒక్క కేక. అతను తిరిగి చూడకుండానే దాటేశాడు. కథ మాత్రం కాలవలో పడింది. అక్కణ్ణుంచి జనమంతా శిల్పాలు మానేసి అతని కాళ్ళే చూడసాగారు. "బాబూ, ఎడమ పక్క గుంట" అన్నాడు ఒక పెద్దాయన, ఎంతో దయగా.

సందు మొదట్లో అక్కని పక్కకి పిలిచాడు. "నీకు దణ్ణం పెడతా. ఇది దాటేదాకా నోరెత్తకు."

సరేనంది. మలుపు వచ్చింది. వీపుకి చౌకులోని గాలి తగిలింది. "అబ్బ!" అన్నారు జనం. అక్క నోరు కూడా తెరుచుకునే ఉంది. అతని గుండె ఎగిరి గంతేసింది.

"ఎలా ఉంది?"

"ప్రాణం పోయిందనుకో! ఆ విరిగిన బండ మీద కాలేస్తావని ఊపిరి బిగబట్టాను. నోరెత్తొద్దన్నావుగా!"

"గుడి! గుడి ఎలా ఉందంటున్నా!"

"ఏ గుడి?"

అతను మెట్ల మీద కూలబడ్డాడు. జనం వెళ్ళిపోయాక అక్క వచ్చి పక్కనే కూచుంది, గుడికి వీపు పెట్టి. బావకి ఫోను చేసింది.

"ఏమండీ, వాడు కొట్టుకి రాడు. ఇంట్లో నీళ్ళ చెంబు తన్నకుండా గుమ్మం దాటలేని వాడు, ఇక్కడ మెట్లూ గుంటలూ చూడకుండా దాటేస్తున్నాడు. ఇది పని కాకపోతే మరేమిటి? అయినా వాణ్ణి పింగాణీ మధ్య కూచోబెడతానంటారు, మతి ఉండే అంటున్నారా?"

అతనికి సంతోషం కలగాలి. కలగలేదు.

"అక్కా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడవే."

"ఉండరా, చెప్పు తెగింది" అంటూ ఆమె మరింత కిందికి వంగింది.