అనుమానాలు రాసే గడి

పొద్దున టీవీలో హైఅలర్ట్ అని ఎర్రక్షరాలు తిరుగుతుండగానే, జగిత్యాలలో మేముండే ఇంటికి కానిస్టేబులమ్మ వచ్చి, కిరాయికున్నవాళ్ల వివరాలన్నీ ఫోన్లో టిక్కులు కొట్టుకుని వెళ్లిపోయింది. పెళ్లికి ముందు కోరుట్లలో జిరాక్స్ షాపులో పనిచేసిన రోజులు గుర్తొచ్చి, పొయ్యి మీద చాయ పొంగిపోయినా చూసుకోలేదు.

అప్పుడవి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే కాగితం ఫారాలు. ఎక్కడ బాంబు పేలినా ఇళ్ల ఓనర్లు మా షాపు ముందు వరుస కట్టేవాళ్లు. నా చదువు పదితోనే ఆగినా చేతిరాత బాగుంటుందని నాతోనే రాయించుకునేవాళ్లు. ఎవరితో ప్రమాదమో పైన పెద్ద ఆఫీసుల్లో తేలుస్తారనుకునేదాన్ని. మొదటి మాట మాత్రం మా షాపు బల్ల మీదే పడేది. ఫారం చివర అనుమానాలు రాసే గడి ఉండేది. అది ఖాళీగా ఉంటే నా చెయ్యి ఊరుకునేది కాదు.

ఒకరోజు వెనక వీధి అవ్వ తన ఇంటి గదిలో కిరాయికి ఒంటరిగా ఉండే ఒకాయన గురించి చెప్పింది.

"పగటీలి బయటికి పోడు బిడ్డా. తలుపేసుకోని ఫోన్ల దుబాయిల ఉన్ననంటడు. గీ కోరుట్లల ఉండుకుంట దుబాయేందే?"

"అమ్మో, గిది రాయాల్సిందే అవ్వా!"

రాశాను. ఎవరితోనో రహస్యంగా మాట్లాడతాడని సొంతంగా ఒక ముక్క కూడా కలిపాను.

మర్నాడు పోలీసులు ఆయన్ని తీసుకెళ్లారు, సాయంత్రానికి వదిలేశారు. ఏజెంటు మోసం చేస్తే గల్ఫ్ నుంచి నెలకే తిరిగొచ్చి, పెగడపల్లిలో ఉన్న తల్లి గుండె జబ్బు మనిషని, ఇంకా దుబాయిలోనే ఉన్నట్టు ఆమెను నమ్మిస్తున్నాడంతే. మా అన్న కూడా అప్పటికే గల్ఫ్‌లో ఉన్నాడు. తిరిగొచ్చి ముఖం చూపలేక పక్క ఊళ్లలో దాక్కున్నవాళ్ల సంగతులు వింటూ పెరిగిన నాకే అది తట్టలేదు. ఈలోగా పోలీసు జీపు ఆ తల్లి ఇంటికి వెళ్లి విచారించి వచ్చింది. అవ్వ గది ఖాళీ చేయించింది.

మూడో రోజు ఆ తల్లి బస్సు దిగి, అడ్రసు అడుగుతూ మా షాపుకే వచ్చింది.

"నా కొడుకు గీడనే ఉన్నడంట గద బిడ్డా. ఏమననని చెప్పు, ఒక్కసారి పిలువు."

"నిన్ననే పోయిండమ్మా, యాడికి పోయిండో తెల్వది."

ఆయన నంబరు కలిపిచ్చాను, స్విచ్ఛాఫ్. తర్వాత ఎవరో చూశామంటే సిరిసిల్ల దాకా వెళ్లి మగ్గాల షెడ్లన్నీ తిరిగిందని, అక్కడా దొరకలేదని విన్నాను.

ఇప్పుడు మా అమ్మ అన్నను వీడియో కాల్‌లో గది మొత్తం తిప్పి చూపించమంటుంది. ఆ కొడుకు చెప్పినటువంటి అబద్ధం ఈ రోజుల్లో ఒక్క పూట నిలవదు. అప్పట్లో తల్లులకు వినిపించేది గొంతొక్కటే, దాన్నే పట్టుకుని నిశ్చింతగా పడుకునేవాళ్లు. ఆ తల్లికి ఆ గొంతు కూడా లేకుండా చేసింది నేను.