ఆరు చిల్లుల్లో వెలుతురు

మా కింద వాటా అన్నగారు పోయారన్న కబురు నాకు ఆఫీసులో ఫోన్ మీద తెలిసింది. ఆయన పనిచేసే మెషిన్ షాపులో, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ కూలిపోయారట. గుండె. మా ఆవిడ ఏడుస్తూ చెబుతుంటే నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను. రేపటి నుంచి సాయంత్రం నాతో స్టేషనుకి ఎవరు వస్తారు అనుకున్నాను.

ఈ పత్రిక చదివేవాళ్ళలో కొందరికి ఆయన ఎవరో తెలియకుండానే తెలుసు. ఐదారేళ్ళ కిందట ఇందులోనే, ఇళ్ళలో తుపాకులు పెట్టుకునే మన పెద్దమనుషుల మీద ఒక వ్యాసం రాశాను. పేరు రాయలేదు. కానీ జెర్సీ సిటీలో పాత పోలీసు రివాల్వర్లు పోగుచేసే తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారు? అది అచ్చయిన ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చి మెట్ల కింద నిలబడి కేకేశారు.

"ఏం కామ్రేడ్, నన్ను ఉతికి ఆరేశావటగా! కిందికి రా. చూసి తిట్టాల్సింది. పోనీ తిట్టాకైనా చూడు."

డెబ్బయ్యెనిమిదిలో మేం ఆయన ఇంటి పై వాటాలో అద్దెకు దిగాం. ఆయనది బాపట్ల వైపు, మిషన్ బడి చదువు. వదినగారు నర్సు. ముందు గదిలో ఆయన చేత్తో చేసుకున్న చెక్క పెట్టె, లోపల ఆకుపచ్చ ముఖమల్, దాని మీద పద్దెనిమిది రివాల్వర్లు. అన్నీ ఏవేవో ఊళ్ళ పోలీసులు వాడి, పాతవైపోయాయని అమ్మేసినవే. ఒక్కోదాని మీద ఊరి పేరు, ఒక నంబరు చెక్కి ఉండేవి. ఆ నంబరు వేసి ఆయన ఆ ఊరికి ఉత్తరం రాసేవారు. ఇది ఎవరి నడుముకి ఉండేది, ఎన్నేళ్ళు ఉంది, ఎవరి మీదైనా పేలిందా అని. కొన్నిటికి జవాబు వచ్చేది.

ఆ ఆదివారం ఒకటి చేతిలోకి తీసుకుని, తూటాలు పెట్టే సిలిండర్ని పక్కకి తెరిచి, కిటికీ వైపు పట్టారు.

"ముందు ఇది. ఆరు చిల్లుల్లోంచీ వెలుతురు కనబడిందా? కనబడితేనే మిగతా మాట."

పద్దెనిమిదింటికీ అలాగే చూపించారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినంత మామూలుగా. ఇంట్లో ఒక్క తూటా ఉంచనన్నది ఆయన నియమం. తర్వాత ఒకదాని గొట్టం కొస చూపించారు. నల్లటి మెరుపు పోయి, లోపలి ఇనుము తెల్లగా బయటపడింది.

"ఇది తోలు ఒర రాపిడి. ఇరవయ్యారేళ్ళు ఒకడి నడుముకి వేలాడి, మనిషి మీద ఒక్కసారి కూడా పేలకుండా రిటైరయింది. ఉత్తరంలో రాశారు. నేను దాచుకునేది ఈ అరుగుదలనోయ్."

"మరి పేలినవాటి సంగతేంటి? అవి ఎవరి మీద పేలాయో తెలీదా మీకు? నల్లవాళ్ళ బతుకు ఏమిటో రోజూ చూస్తూ, ఇంకా పోలీసులందరూ సాధువులే అంటారా?"

"జవాబు రానివి ఎనిమిది ఉన్నాయి," అన్నారు నెమ్మదిగా. "వాటిని పై వరసలో పెట్టను."

నేను తగ్గలేదు. ఆయనా తగ్గలేదు. వదినగారు పెసరట్లు పెట్టారు, తింటూ కూడా పోట్లాడుకున్నాం.

పోయిన ఏడాది భయం వచ్చింది. దూరపు ఊళ్ళలో ఉన్న మీకు అది వార్త. మాకు అది రోజూ సాయంత్రం ఆరు గంటలు. బొట్టు పెట్టుకునే ఆడవాళ్ళని వదిలేది లేదని ఇక్కడి కుర్రాళ్ళ ముఠా ఒకటి పేపరుకి ఉత్తరం రాసి మరీ చెప్పింది. మన దేశం మనిషిని వీధిలో కొట్టి చంపారు. మా కిటికీ అద్దం రాయితో పగిలింది. మా ఆవిడ మన్‌హట్టన్‌లో పనిచేసి రైల్లో వచ్చేది. స్టేషను నుంచి ఇంటికి తొమ్మిది వీధులు నడవాలి. మన సంఘాల పెద్దలు అప్పుడేమన్నారో గుర్తుందా? కొన్నాళ్ళు బొట్లు తీసెయ్యమనండి, చీరలు కట్టొద్దనండి! సబర్బుల్లో గ్యారేజీ తలుపులు దించుకుని కూర్చున్నవాళ్ళు చెప్పిన నీతి ఇది. దాని మీద మండిపడి పేజీలకు పేజీలు రాశాను. రాసిన చేత్తోనే కిందికి వెళ్ళి ఆయన తలుపు కొట్టాను.

"అన్నగారూ, ఒకటి ఇవ్వండి."

ఆయన నవ్వలేదు. నా వ్యాసం ఎత్తలేదు. నా చేతుల వంక చూసి, "ఇవ్వను," అన్నారు.

"మీకేం! వదినగారు బొట్టు పెట్టుకోరు కదా."

ఆ మాట నేనే అన్నాను. ఇరవయ్యేళ్ళుగా సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చిన నోరే అది. వంటింటి గుమ్మంలో వదినగారు వింటున్నారు.

"రాయి విసిరేవాడు బొట్టు లేదని ఆగడోయ్, తోలు రంగు చూసి విసురుతాడు. మొన్న మీ వదిన మీద కోక్ డబ్బా విసిరారు. భయపడతావని నీకు చెప్పలేదు. పో, మంచినీళ్ళు తాగి పడుకో."

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి ఆయన గొడుగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు. వాన లేదు. "రా," అన్నారు. ఆ రోజు నుంచి ఇద్దరం వెళ్ళి, రైలు దిగిన మన ఆడవాళ్ళు నలుగురైదుగురిని ఇళ్ళ దాకా దిగబెట్టేవాళ్ళం.

ఒక సాయంత్రం ఒక కారు మా పక్కనే, మా నడకతో సమానంగా రావడం మొదలుపెట్టింది. లోపల నవ్వులు. నా కాళ్ళు పరుగుకి సిద్ధమయ్యాయి.

"పరిగెత్తకు," అన్నారు తల తిప్పకుండా. "పరిగెడితే వాళ్ళకి ఆట. ఏం అమ్మాయ్, ఇవాళ కూరేంటి?"

మా ఆవిడ, "బెండకాయ, అన్నయ్యగారూ," అంది.

ఒక సీసా వచ్చి మా ముందు పగిలింది. ఆయన గొడుగు కొసతో గాజు పెంకులు పక్కకి నెట్టారు. "చూసి నడవండి. కొబ్బరేస్తావా బెండకాయలో?"

కారు వెళ్ళిపోయింది. ఈ మనిషికి భయమే లేదనుకున్నాను. పెట్టె నిండా తుపాకులున్నవాడికి ధైర్యానికేం అని లోపల కుళ్ళుకున్నాను కూడా.

సమాధి చేసిన మూడో రోజు వదినగారు పిలిచారు. రివాల్వర్లు తీసుకెళ్ళే మనిషి ఆరింటికి వస్తాడు, ఇక వాటిని ఇంట్లో ఉంచలేనన్నారు. "ఆయన చూసినట్టే అన్నీ చూసి ఇవ్వవయ్యా." ఇవాళ స్టేషనుకి రాలేనని మా ఆవిడకి పొద్దున్నే చెబితే, "ఫరవాలేదు, అన్నయ్యగారి గొడుగు నాకివ్వండి," అని పట్టుకెళ్ళింది.

అప్పటిదాకా నేను వాటిని ముట్టుకోలేదు. ఒక్కొక్కటే తెరిచి కిటికీ వైపు పట్టాను. పదిహేడు అయ్యాయి. వదినగారు పర్సులోంచి తాళంచెవి తీసి, మంచం పక్క సొరుగు తెరిచి, తెలుగు బైబిలు కింద నుంచి పద్దెనిమిదోది తెచ్చారు.

ఐదు చిల్లుల్లో వెలుతురు. ఆరోది చీకటి.

వేలు అడ్డం వచ్చిందేమోనని తీసి మళ్ళీ చూశాను. చీకటే.

"నువ్వు అడిగి వెళ్ళావే, ఆ మర్నాడు పొద్దున్నే తూటాలు కొనుక్కొచ్చారు," అన్నారు వదినగారు. "డబ్బా మొత్తం కొనాలన్నారట. ఒకటి ఉంచి మిగతావన్నీ హడ్సన్ నదిలో పోసొచ్చారు. ఒకటే ఎందుకండీ అంటే, రెండోది ఉంటే నాకు అలవాటైపోతుంది అన్నారు."

"స్టేషనుకి ఇది జేబులో..."

"లేదు. సొరుగులో పెట్టి, నన్నే తాళం వెయ్యమనేవారు. నేను అడిగినా తాళంచెవి ఇవ్వకు అని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్ళేవారు. బయల్దేరేముందు ఆ చేతులు ఎలా వణికేవో నీకేం తెలుసు."

ఒక మనిషి అన్నేళ్ళ నియమాన్ని ఈ వీధి విరగ్గొట్టింది. అందుకు నా కోపం చల్లారదు, చల్లారనివ్వను. కానీ నేను భయపడి తుపాకీ అడిగాను. ఆయన నా అంత భయంతోనే, రోజూ దాన్ని ఇంట్లో వదిలి మా పక్కన నడిచారు.

రివాల్వర్ వంచి తూటాని వదినగారి అరచేతిలోకి జార్చాను. మళ్ళీ కిటికీ వైపు పట్టాను. ఆరు.

ఆ ఆరో చిల్లులో, వీధి చివర, మా ఆవిడ వస్తోంది. వెనక మరో ముగ్గురు. ఇంత దూరానికి బొట్టు కనబడదు. గొడుగు కనబడింది. ఎవరూ పరిగెత్తడం లేదు.