నొప్పి ఆగిన వేలు

నా చిన్నప్పుడు మా నేతగాళ్ల దాజీ పేట్‌లో మాకు తెలిసిన ఎత్తంటే మిల్లు పొగగొట్టమే. మంచుకొండలు చూసొచ్చినవాడు మా గల్లీ మొత్తానికి మా మేనమామ ఒక్కడే. హిమాలయాల్లో ఎక్కడో ఒక కనుమ మీద, ఆయన మాటల్లో ఘాట్ మీద, రోడ్డు పనికి పోయి, రెండేళ్లకు తిరిగొచ్చాడు. వచ్చినప్పటి నుంచి కుడిచేతికి తువ్వాలు చుట్టుకునే ఉండేవాడు. మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఎందుకని అడిగితే మాట మార్చేవాడు.

ఆ ఎండాకాలం మా అన్న కూడా అదే పనికి పోతానని మొండికేశాడు. దూరపు కొండలు నునుపని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. పెట్టె సర్దుకున్నాడు. మరునాడే రైలు. అన్న పోతే నాకు మంచు తెస్తాడని నా ఆశ. అంత తెలివి నాది!

ఆ మధ్యాహ్నం మామ ఐసుబండి దగ్గర బర్ఫ్ గడ్డ కొనుక్కొచ్చి, మగ్గం దగ్గరున్న అన్న చేతిలో పెట్టి గుప్పిట మూయించాడు.

"నొప్పి బందయ్యేదాంక ఇడువకు. అందాక పట్టినవంటే నేనే నిన్ను రైలెక్కిస్త."

అన్న పళ్లు బిగబట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలాసేపటికి ముఖం విప్పారింది.

"ఇగ నొస్తలేదు మామా, గెలిచిన!"

నేను చప్పట్లు కొట్టాను. మామ నవ్వలేదు. పడుగులో ఒక పోగు తెంపి, అతకమన్నాడు.

మా ఇళ్లలో పోగు అతకడం కళ్లు మూసుకుని చేసే పని. అలాంటిది అన్న వేళ్ల నుంచి పోగు జారిపోతూనే ఉంది. విసుగొచ్చి దాని కొస కత్తిరించబోయాడు. తెల్లటి పడుగు మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఆ నెత్తురు ఎక్కడిదా అని అన్న అటూ ఇటూ వెతుకుతున్నాడు. కత్తెర తన వేలినే కోసిందని వాడికి తెలియనే లేదు. నాకు భయమేసి అమ్మ కొంగు పట్టుకున్నాను.

అప్పుడు మామ తువ్వాలు విప్పాడు. మూడు వేళ్లకు కొసలు లేవు.

"నొచ్చినంతసేపు వేలు నీది. నొప్పి బందయిందంటే అది ఘాట్‌ది," అన్నాడు. "నా జోడీదారు ఘాట్ మీద నడుసుకుంట నడుసుకుంట, చలి పోయిందిరా అని నవ్విండు. కోటు ఇప్పి పక్కకు పెట్టిండు. నేను గూడ సంతోషపడ్డ. తెల్లారి ఆ కోటు ఒక్కటే దొరికింది."

మామ తువ్వాలు మళ్లీ చుట్టుకున్నాడు. అన్న పెట్టెలోంచి బట్టలు తీసి దండెం మీద వేసుకున్నాడు.

నాకిప్పుడు డెబ్బై దగ్గరపడ్డాయి. కుంభారి కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నాను. షుగరు వల్ల ఏళ్ల తరబడి అరికాళ్లు మండిపోయేవి. ఆ మంటను నేను తిట్టని రోజు లేదు. ఇవాళ పొద్దున లేచేసరికి మంట లేదు. కోడలు దేవుడికి దండం పెట్టుకుంది. నేను మాత్రం వెంటనే ఆటో పిలిపించి, దవాఖానకు పోనిమ్మన్నాను.

"తగ్గింది గదా అత్తమ్మా, ఇంక దవాఖాన ఎందుకు? ఎందుకేడుస్తున్నవ్?" అని కోడలు దారిపొడుగునా అడుగుతూనే ఉంది. నేను కాలివేళ్లను ఒక్కొక్కటే గట్టిగా గిల్లుకుంటూ, ఒక్కటైనా నొప్పెట్టాలని మొక్కుకుంటున్నాను.