అవతలి నాడె

గద్వాలవాళ్లు వనపర్తిలోని నా గదికి వస్తారు. వనపర్తివాళ్లు నాగర్‌కర్నూలు గదికి వస్తారు. సొంత ఊళ్లో కౌన్సెలర్ మెట్లెక్కుతూ ఎవరికైనా కనబడతామని అందరికీ భయం. అందుకే మూడు ఊళ్లలోనూ అద్దె గదులు పెట్టుకుని, రోజులు పంచుకుని బస్సుల్లో తిరుగుతాను. వనపర్తి బస్టాండులో నా గది పేరు చెబితే ఆటోవాళ్లు "పిచ్చి మేడం కాడికా?" అని అడిగి మరీ ఎక్కించుకుంటారు. ఇదివరకు బాధపడేదాన్ని. ఇప్పుడు దారి తెలిసినవాళ్లు ఉన్నారు కదా అనుకుంటున్నాను.

ఒక నేతపని ఆయన కూడా అలాగే గద్వాల నుంచి వచ్చాడు. యాభై దాటిన మనిషి. నాలుగు నెలలుగా మగ్గం గుంటలో కాలు పెట్టలేదని, తిండి కూడా సరిగా తినడంలేదని భార్య వెంటబెట్టుకొచ్చింది. ఆయన అనుమతితోనే, కొన్ని గుర్తులు మార్చి ఇది రాస్తున్నాను.

"సూదియ్యరా మేడం?" అన్నాడు కూర్చోగానే.

"ఇయ్యను."

"గోళీలు?"

"అవీ ఇయ్యను. మాట్లాడుకుందాం."

ఆయన భార్య వైపు తిరిగాడు. "మాట్లాడనీకె గింత దూరం తీస్కొచ్చినవా? ఇంట్ల నువ్వు తక్కువ మాట్లాడుతున్నవా?"

"నేను మాట్లాడితె నువ్వింటున్నవా?" అందామె. "గీమెకు ఫీజిస్తున్నం. గందుకన్న విను."

సంగతి ఇది. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. దారం చుట్టిన నాడె ఒకటి నూలుకు తిరుగుతుంది, అంచుకు వేరే నాడె తిరుగుతుంది. ప్రతి వరుసలోనూ రెండు దారాలూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అందుకని మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఈయన పక్కన ఇరవై ఏళ్లకు పైగా తమ్ముడు కూర్చున్నాడు. ఒక పొద్దున ఆ తమ్ముడు మగ్గం మీదే గుండె ఆగి పోయాడు. సగం నేసిన చీర అలాగే ఉంది. ఈయన భార్యకు చూపు ఆనదు, ఆ పనికి రాదు. పని తెలిసినది ఇంట్లో తమ్ముడి భార్య ఒక్కతే.

మొదటి రోజు ఇంతకుమించి చెప్పలేదు.

నేను పెరిగింది ప్రార్థన కూటాల్లో. మా నాన్న చర్చిలో సంఘ కాపరి. నాకు అక్షరాలు వచ్చింది బైబిలు వాక్యాలు కంఠతా పట్టడం కోసమే. ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పేవారు. జబ్బు, అప్పు, తాగుడు, ఏ కష్టంతో మొదలుపెట్టినా చివర దేవుడు చేసిన మేలు చెప్పేవారు. సంఘమంతా ఆమెన్ అనేది. ఇంకా మేలు జరగనివాళ్లు లేచి నిలబడేవాళ్లు కాదు. ఆ సంగతి నేను గమనించింది చాలా ఏళ్ల తర్వాత. విశ్వాసంలో ఇప్పటికీ నాకు సందేహం లేదు. కానీ ఎవరి కష్టం విన్నా దాని చివర ఎక్కడుందా అని వెతికే అలవాటు నాకు అక్కడే అంటింది.

హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ చదివినప్పుడు ఒక్క పద్ధతికే కట్టుబడవద్దని నేర్పారు. ఒక పద్ధతిలో అడ్డురాకుండా వినాలి. ఒకదానిలో మనిషి తనమీద తాను మోపుకున్న నేరాన్ని నిదానంగా పరీక్షించాలి. ఇంకొకదానిలో ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడతారో, ఎవరు మాట్లాడరో చూడాలి. మనిషినిబట్టి వాటిని కలిపి వాడాలి. ఇవన్నీ నేర్చుకుని వచ్చి కూడా రెండో వారం ఆయన మౌనంగా కూర్చుంటే తట్టుకోలేకపోయాను.

"ఏదో ఒక మేలు కోసమే దేవుడు..." అన్నాను.

ఆయన తలెత్తాడు. "ఏం మేలు మేడం? చెప్పుండ్రి. ఇంటా."

ఆయన లేచి వెళ్లిపోయాడు.

మూడు వారాలు రాలేదు. ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పాను. "సరె. జూస్త," అన్నాడు.

తర్వాతి వారం భార్యతో వచ్చాడు. ఆమెను బయట బెంచీ మీద కూర్చోమని తనొక్కడే లోపలికి వచ్చాడు. నేను ప్రార్థన మానలేదు. ఎవరూ రాకముందే చేసుకుని, తలుపు తెరిచాక పెదవులు బిగించి కూర్చోవడం నేర్చుకుంటున్నాను. గోడ మీద ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన దానివైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"పోగు తెగింది మేడం. మా తమ్ముని దిక్కుది. 'కండ్లు యాడ వెట్టినవ్‌రా దున్నపోతా' అన్న. అవతలి నాడె రాలే. వానికి అలుగుడు అలవాటు. అలిగిండనుకున్న. వాని మొకం చూడొద్దని అటు తిరిగి బీడి ముట్టిచ్చుకున్న. మొత్తం తాగిన. తాగినంక తిరిగి చూసిన."

ఫ్యాన్ మీంచి చూపు నావైపు తిప్పాడు.

"ఏమంటలేరేంది?"

"అనడానికి నా దగ్గర ఏం లేదు."

ఆయన తల ఊపాడు. ఆ గదికి వచ్చాక మొదటిసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

చనిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడిగాను. అలాంటిది సూటిగానే అడగాలి. "బీచుపల్లి కాడ కిష్ణ బ్రిడ్జి మీద బస్సు పోయేటప్పుడు కండ్లు మూసుకుంట. మా ఆమె కిటికి దిక్కు కూసుంటది," అన్నాడు. ఆయన్ను ఒంటరిగా వదలవద్దని, ఆయన సమ్మతితోనే, భార్యతో చెప్పాను. అదే వారం దవాఖానలో మానసిక వైద్యుడికి చూపించాం. ఆ గోళీలు రాసే పని డాక్టరుది, నాది కాదు.

అసలు ముడి తర్వాత బయటపడింది. తన భర్త నేసిన చీరను తనే పూర్తిచేస్తానని మరదలు అడుగుతోంది. ఈయన వద్దంటున్నాడు. బావ ఎదుట మరదలు కూర్చోవడమే ఆ ఇంట్లో లేదు, పక్కన కూర్చోవడం ఎలా అని పైకి చెప్పేమాట. "ఆమె గాడ కూసుంటె నేను గా దిక్కు చూడాలె," అన్నాడు నాతో. బీడీ సంగతి ఆమెకు తెలిస్తే ఆ ఇంట్లో ఉండలేననీ, చెప్పకుండా మగ్గమెక్కలేననీ అన్నాడు. ఆ రెంటి మధ్యే ఇన్ని నెలలుగా కూర్చున్నాడు. ఆమెకు చెబుతారా అని అడిగితే నెల రోజులు జవాబివ్వలేదు. ఆ తర్వాత, నన్ను కూడా ఇంటికి రమ్మన్నాడు.

వెళ్లి నాలుగు కుర్చీలు ఎదురెదురుగా వేయించాను. చదువులో అలాగే నేర్పారు. మరదలు కుర్చీ వైపు కూడా చూడలేదు. తలుపు వెనక నిలబడింది. ఆయన మగ్గం వైపు తిరిగి కూర్చున్నాడు. నేను కుర్చీలు తీయించేశాను.

ఆయన చెప్పాడు. నాకు చెప్పినట్టే, తిట్టుతో సహా. నా నాలుక మీదికి ఒక వాక్యం వచ్చింది. మింగాను.

"అక్కా, చెప్పు బావకు," అందామె తోడికోడలితో. "మగ్గం కాడున్న గా బీడి పీక నేనే ఊడ్చి పారేసిన. నాకు గప్పుడే ఎరుక."

ఆయన కదల్లేదు.

"ఆయన అలుగుడు నాకు తెల్వదా? నేనున్నా గంతే అనుకుందు. అలిగి కూసున్నోన్ని ఎవలు లేపుతరు? అక్కా, అడుగు. గా చీర నాతోని నేస్తడా, కోసి పారేస్తడా?"

ఈసారి ఆయన నేరుగానే అన్నాడు. "పోగు తెగితె తిడ్త. నా నోరు మంచిది కాదు."

మరదలు తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. "తిట్టు బావా. నేను పలకకుంటె మాత్రం జర తిరిగి చూడు."

ఆమె కొంగు నడుముకు దోపుకుని మగ్గం మీద తన భర్త చోట కూర్చుని, దుమ్ము పట్టిన పోగుల్ని వేళ్లతో సవరించసాగింది. కాసేపటికి ఆయన లేచి గుంటలో కాళ్లు పెట్టాడు. నాడె అందుకోకముందే పక్కకు తిరిగి చూశాడు.

"ఏంది?" అందామె.

"ఏం లేదు," అన్నాడు. నాడె వేశాడు.