ఒక స్థానికుడు

పోయిన నెల ఆదోనిలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. మా ప్రాంతపు కోటల మీద, కొండల మీద, చెరువుల మీద నేను రాసిన చిన్న పుస్తకం మూడోసారి అచ్చయిన సందర్భం. మాట్లాడిన పెద్దమనిషి, "ఈ మాస్టారు ఒంటరిగా ఎక్కని కొండ లేదు, దిగని కోనేరు లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను. ముందు వరుసలో కూర్చున్న మా అక్క అప్పుడే లేచి, చెంగు సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచింది.

నిజానికి ఆ కొండలు మా బావవి. అంటే మా అక్క మొగుడివి. ఎమ్మిగనూరులో గుంటమగ్గం మీద, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని, చీరలు నేసేవాడు. వాళ్ళమ్మ పుట్టిల్లు ఆదోని కొండ కింద కావడంతో, చిన్నప్పటి ఎండాకాలాలన్నీ మేకలు కాసేవాళ్ళ వెంట కోటలోనే గడిపాడట. నేనేమో ఆదోనిలో పుట్టి, ఆ ఊళ్ళోనే సాంఘిక శాస్త్రం పాఠాలు చెబుతూ, నలభై ఏళ్ళొచ్చినా కొండ సగం కూడా ఎక్కినవాణ్ణి కాదు. రోజూ కిటికీలోంచి కనబడేదాన్ని చూడ్డానికి ఎవరు పోతారు? మా బావే పట్టుబట్టి లాక్కెళ్ళాడు. అమావాస్య నాడు నేతపని ఉండదు. తెల్లవారి మొదటి బస్సుకు వచ్చేవాడు. సంచిలో సజ్జరొట్టెలు, చెనిగ్గింజల పొడి, రెండు ఉల్లిగడ్డలు. ఎక్కడం మొదలుపెట్టగానే చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవాడు. ముళ్ళు గుచ్చుకుంటాయంటే నవ్వేవాడు. "మగ్గం తొక్కే కాలు బామ్మర్దీ! బండ యాడ జారతాదో దానికి ముందే తెలుస్తాది" అనేవాడు. నేను బూట్లేసుకుని మూడుసార్లు జారాను.

ఎన్ని అమావాస్యలు తిరిగామో లెక్కలేదు. బురుజుల సందుల్లో సీతాఫలం పొదలు, గబ్బిలాల కంపు కొట్టే చీకటి గదులు, నడివేసవిలోనూ నీళ్ళింకని రాతిగుంటలు. ఏ గోడకు ఏ పేరో, ఏ గుంటలో ఎవరు పడి చనిపోయారో చెబుతుంటే నేను నోట్సు రాసుకునేవాణ్ణి. పైనుంచి రాంజల చెరువు కనబడితే మా బావ మాట మారిపోయేది. "సూడు, అంచు పచ్చగా, నడుమ నీలం. ఇట్లాంటి సీర నేస్తే కట్టుకునేటోళ్ళు యాడుండారప్పా?" అని చాలాసేపు అక్కడే కూర్చునేవాడు. ఆస్పరి వైపు గుట్టలూ, నందవరం దాటాక తుంగభద్ర ఒడ్డూ, గాజులదిన్నె జలాశయమూ అన్నీ అలా చూపించినవే. ఒకనాడు రొట్టె తింటూ అన్నాడు: "నాకు రాత రాదు. నువ్వు రాయి. ఇద్దరం తిరిగినామని ఒక్క మాట యెయ్యి, సాలు."

రాశాను. రాసేటప్పుడు ఆ ఒక్క మాట వేయకూడదని నాకేమీ లేదు. కానీ ముందుమాట రాసిన పండితుడు, ఈ రచయిత ఒంటరిగా చేసిన సాహసయాత్ర ఇది అని పొగిడాడు. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని కాపాడుకోవడం కోసం లోపల మా బావ పేరున్న ప్రతిచోటా కొట్టేసి "ఒక స్థానికుడి సాయంతో" అని దిద్దాను. ఎర్రసిరాతో, నా చేత్తోనే.

పుస్తకం పట్టుకుని ఎమ్మిగనూరు వెళ్ళాను. మా బావ మగ్గం గుంటలోంచి లేచి, చేతులు తుడుచుకుని అందుకున్నాడు. చదవడం రాదు గానీ, చేనేత సొసైటీలో సంతకం పెట్టడానికి నేర్చుకున్న తన పేరు మాత్రం గుర్తుపడతాడు. ఒక్కొక్క పేజీ మీదా వేలు పెట్టి, పైనుంచి కిందికి, మెల్లగా వెతికాడు. చివరి అట్ట దాకా వెతికాడు. నేను గ్లాసులో టీ చల్లారిపోతున్నా తాగుతున్నట్టే కూర్చున్నాను. తర్వాత కూతుర్ని పిలిచి చదవమన్నాడు. పిల్ల గడగడా చదువుకుంటూ పోతుంటే ఒకచోట ఆపాడు.

"ఆ స్థానికుడు ఎవురు బామ్మర్దీ? నాకు తెలీనోడు ఆ కోటలో ఎవుడుండాడబ్బా?"

వెటకారమో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలియదు. "రెండో అచ్చులో సరిచేస్తా బావా" అన్నాను. తలూపాడు. ఆ తర్వాత వచ్చిన అమావాస్యకు ఫోన్ చేస్తే, "మగ్గం మీద పని ఉండాది" అన్నాడు. పై అమావాస్యకూ అదే మాట. అమావాస్య నాడు మగ్గం మీద ఏ పని ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు.

రెండో అచ్చు వచ్చేసరికి నాకు మంచి పేరొచ్చింది. ఇప్పుడు సరిచేస్తే మొదట చేసింది బయటపడుతుంది కదా అని ఊరుకున్నాను. రెండేళ్ళ కిందట మా బావ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కర్మంతరాలనాడు మా అక్కకు మాటిచ్చాను, మూడో అచ్చులో తప్పకుండా అని. అచ్చుకు పంపేముందు ఆ పేజీ తెరిచాను కూడా. మూసేశాను.

సభ అయ్యాక బస్టాండుకు పరుగెత్తితే, ఎమ్మిగనూరు బస్సు కోసం బెంచీ మీద కూర్చునుంది మా అక్క.

"ఒంటరిగా ఎక్కినాడని ఆయప్ప సెప్తాంటే సేతులు జోడిస్తివి గదరా! నోరు పెగల్లేదా?"

"నాలుగో అచ్చులో వేస్తానక్కా" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే వినబుద్ధి కాలేదు.

"ఆ మడిసికి లోకంలో తెలిసిన రాత ఒకటే, ఆయన పేరు. అదొక్కటి లేకుండా సేసినావు. ఇంక యేస్తే మాత్రం ఏలు పెట్టి ఎతికేదెవురు?"

బస్సొచ్చింది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని ఎక్కింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇంతవరకూ ఎత్తలేదు.

కాలమే అన్నీ సరిచేస్తుందంటారు. నాకు మాత్రం కాలం ఒకటే చేసింది: ఇంకా టైముంది, ఇంకా టైముంది అని ఇన్నేళ్ళూ నచ్చజెబుతూ కూర్చుంది.