మల్లమ్మ మోకాలికి నేను కలిపిన పది డిగ్రీలు

1978లో పాతబస్తీలోని ఒక సర్కారు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా నాకది రెండో ఏడాది. విరిగిన ఎముక అతికాక, బిగుసుకుపోయిన కీలును మళ్ళీ కదిలించడం మా పని. కీలు ఎంత వంగుతుందో కొలిచే పరికరం గోనియోమీటర్. రోగి మాట కన్నా దాన్నే ఎక్కువ నమ్మేదాన్ని.

ఆ ఏడు గౌలిపుర నుంచి మల్లమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. ఇంట్లో ఐదు బర్రెలు. తొడ ఎముక విరిగి మూడు నెలలు పిండికట్టులో ఉండటంతో, కుడి మోకాలు ముప్పై ఐదు డిగ్రీలకు మించి వంగడం లేదు.

"బర్రె పక్కన కూసుంటే చాలు డాక్టరమ్మా. వేరేటోళ్ళు చెయ్యేస్తే తంతున్నయి, పాలు చేపుతలేవు. గిట్లనే ఉంటే మా ఆయన అమ్మేస్తనంటుండు."

గొంతుక్కూర్చోవాలంటే నూట ఇరవై కావాలి. మొదటి రోజే ఆమె చీటీ మీద 120 అని పెద్దగా రాసిచ్చాను. లక్ష్యం కళ్ళెదుట ఉంటే పట్టుదల దానంతటదే వస్తుందనుకున్నాను. కానీ వారం వారం ఆ అంకె చూసి ఆమె కుంగిపోయింది. నలభై. నలభై ఎనిమిది. మూడో వారం యాభై ఐదు దగ్గర ఆగింది.

"ఇంక సగం గూడ కాలే. నాతోని కాదు," అంది. ఇంట్లో కసరత్తు మానేసింది. మానేస్తే మోకాలు మళ్ళీ బిగుస్తుంది.

నాలుగో వారమూ యాభై ఐదే. నేను మాత్రం "అరవై ఐదు" అన్నాను. ఆమె ముఖం వెలిగింది.

మూడు రోజుల తర్వాత వచ్చి, బల్ల ఎక్కకుండా నిలబడింది.

"ఇంట్ల ఇటుకలు పేర్చుకొని కూసుంటున్న. ఐదు ఇటుకలు. పది డిగ్రీలు పెరిగితే ఒక్క ఇటుకన్న తగ్గాలె గదా? నా కాలు అబద్ధమాడుతుందా, నువ్వు ఆడుతున్నవా?"

నిజం ఒప్పుకున్నాను.

"నన్ను చిన్నపిల్ల అనుకున్నవా?" అని వెళ్ళిపోయింది.

వారం రోజులు రాలేదు. వరండాలో చేతికర్ర చప్పుడైతే చాలు, చేస్తున్న పని వదిలి గుమ్మం వైపు చూసేదాన్ని. ఎనిమిదో రోజు డ్యూటీ దిగి నేరుగా గౌలిపుర వెళ్ళాను. మల్లమ్మ ఇటుకల మీద కూర్చుని, కుడికాలు వంగినంత వంచి పక్కకు పెట్టి పాలు పిండుతోంది. ఆదరాబాదరా లెక్కపెట్టాను. నాలుగు ఇటుకలే.

"కాలు గిట్ల అడ్డంగ పెడితే ఈ బర్రె ఒక్కటే ఓపిక పడుతది. మిగిలినయి తంతయి," అంది నా వైపు తిరగకుండానే. "నీ నూట ఇరవై నాకొద్దు. మూడు ఇటుకలైతదా? సచ్ బోల్, నిజం చెప్పు."

"అవుతుంది. పది రోజులు పట్టొచ్చు. ఆ తర్వాత సంగతి చెప్పలేను."

"గట్ల చెప్పు మరి!"

మర్నాడు వచ్చింది. చీటీలో 120 కొట్టేసి, మూడు ఇటుకలు అని రాశాను. పన్నెండు రోజులు పట్టింది. రెండు ఇటుకల మాట ఆమే ఎత్తింది. చివరి ఇటుక మాత్రం తీయలేకపోయాం. దాని మీద కూర్చునే ఐదు బర్రెలకూ పాలు పిండింది. ఒక్కటీ అమ్మలేదు.

పెద్ద అంకె రాసిస్తే ధైర్యం రాదు. ఉత్త ధైర్యం చెబితే మోకాలు వంగదు. నిన్న చేతకానిది ఇవాళ చేశానని మనిషికి తన ఒంటితోనే తెలియాలి. అప్పుడు తర్వాతి గురి తనే పెట్టుకుంటుంది. దొంగ అంకె ఇచ్చి నేను ఆమెకు దక్కకుండా చేయబోయింది ఆ ఎరుకనే. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఏ రోగి ఆశగా నా ముఖంలోకి చూసినా, నోటిదాకా వచ్చిన అంకెను ఆపి మరోసారి కొలిచేదాన్ని.